అద్దె ఇంట్లో పురుగు పడితే బిల్లు ఎవరిది?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే చేతికొచ్చే అగ్రిమెంటు దాదాపు ఒకేలా ఉంటుంది. వంద రూపాయల స్టాంప్ పేపరు, పదకొండు నెలల గడువు, అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, ఏడాదికి ఎంత శాతం పెంచాలి, గోడలకు మేకులు కొట్టకూడదు, ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలి. జిరాక్స్ షాపులో పేర్లు మార్చి ప్రింటు తీసిచ్చే కాగితం అది. ఫ్యాన్లెన్ని, ట్యూబ్‌లైట్లెన్ని అని లెక్క రాసిన ఆ కాగితంలో నల్లులు, చెదలు, బొద్దింకలు, ఎలుకల ఊసు మాత్రం ఉండదు. మూడో నెలలో గుమ్మం పక్కన మట్టి గీత పాకినప్పుడో, పిల్లాడి చేతి మీద వరసగా దద్దుర్లు లేచినప్పుడో గొడవ మొదలవుతుంది. "మీరొచ్చాకే వచ్చాయి, మేమున్నప్పుడు ఒక్క పురుగు లేదు" అంటారు ఓనర్ ఆంటీ. "మేం దిగేనాటికే ఉన్నాయండీ" అంటారు అద్దెకున్నవాళ్లు. ఇద్దరి దగ్గరా రుజువుండదు. ఖాళీ చేసే రోజున అడ్వాన్స్‌లో కోత పడుతుంది, అంతటితో సరి.

ఈ గొడవలో అందరూ అడిగేది బాధ్యత ఎవరిదని. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది ఆ పురుగు ఎక్కడి నుంచి వచ్చిందని. నేలలోంచి వచ్చిందా, డ్రైనేజీ పైపులోంచా, పక్క ఫ్లాట్‌లోంచా, ఊరి నుంచి తెచ్చుకున్న సూట్‌కేసులోనా? అది తేలితే డబ్బు సంగతి సగం తేలినట్టే. మిగతా సగం అగ్రిమెంటులో రాసుకోవాలి. చట్టం చూసుకుంటుందిలే అని వదిలేస్తే కష్టం.

చట్టంలో ఉన్నదెంత

మన దేశంలో అద్దె వ్యవహారాలకు పునాది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 108వ సెక్షన్ ఓనర్‌కూ అద్దెదారుకూ ఉన్న హక్కులను, బాధ్యతలను వరసగా చెబుతుంది. అందులో మొట్టమొదటిదే మనకు పనికొస్తుంది. ఇంటిని వాడుకోవడానికి అడ్డమయ్యే పెద్ద లోపం ఏదైనా ఉండి, అది ఓనర్‌కు తెలిసి, దిగేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే, ఓనర్ దాన్ని ముందే చెప్పి తీరాలి. గోడలో చెదలున్నాయని తెలిసి కూడా మట్టి గీతలు గీకేసి, పైన పెయింట్ కొట్టించి టు-లెట్ బోర్డు తగిలించిన ఓనర్ ఈ నియమానికి దొరికిపోతాడు. వంటింట్లో పట్టపగలే తిరిగే బొద్దింకల విషయంలో మాత్రం ఇది అక్కరకు రాదు. అవి కళ్లకు కనబడేవే కదా అంటారు, ఆ మాటా నిజమే.

రిపేర్ల గురించి కూడా ఆ సెక్షన్‌లో ఒక మాటుంది. ఓనర్ చేయించాల్సిన రిపేరును, చెప్పిన తర్వాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. ఇది చదివి వెంటనే సంబరపడకూడదు. ఈ వీలు ఓనర్ కట్టుబడి ఉన్న రిపేర్లకు మాత్రమే. ఏయే రిపేర్లకు కట్టుబడి ఉంటాడో ఆ చట్టం జాబితా ఇవ్వదు. పైగా ఆ సెక్షన్ మొత్తం, ఒప్పందంలో గానీ స్థానిక ఆనవాయితీలో గానీ వేరేగా లేనప్పుడే వర్తిస్తుందని మొదట్లోనే చెప్పేశారు. అగ్రిమెంటులో లేని పెస్ట్ కంట్రోల్ బిల్లును మీ అంతట మీరే అద్దెలో కోసుకుంటే అది అద్దె బకాయిగా కనిపిస్తుంది. ఖాళీ చేయించాలని చూసే ఓనర్‌కు అంతకంటే మంచి సాకు దొరకదు.

అద్దెదారు వైపు చూస్తే, ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంటుంది. తన వల్లో, తన మనుషుల వల్లో లోపం వస్తే, ఓనర్ నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా సరిచేయాలి. ఇక్కడ కీలకం ఆ "తన వల్ల" అన్న మాటే. నేలలోంచి పైకొచ్చిన చెదలు అద్దెదారు చేసిన తప్పు కాదు. కానీ గీత కనబడ్డా ఆరు నెలలు నోరు విప్పకుండా కూర్చుని, ఈలోగా వార్డ్‌రోబ్ మొత్తం తినేస్తే, అప్పుడు తప్పు లేదని వాదించడం కష్టం.

మరి మనకు ప్రత్యేకంగా అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1960లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టమే తెలంగాణలో ఇంకా నడుస్తోంది. కానీ 2005 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలను దాని పరిధిలోంచి తప్పించారు. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో 3,500కు సింగిల్ రూమ్ దొరకడమే గగనం. అంటే మామూలు ఫ్లాట్లలో ఉండేవాళ్లలో దాదాపు ఎవరికీ ఆ చట్టం రక్షణ లేదు. వాళ్లంతా తిరిగి 1882 దగ్గరికే చేరతారు. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుంది.

ఇక 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఉంది. అద్దె వ్యవహారం రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం కాబట్టి, రాష్ట్రం తీసుకుని అమలు చేస్తేనే దానికి బలం. అయినా దాని రెండో షెడ్యూలు చదవాల్సిందే, ఎందుకంటే ఎవరి రిపేరు ఎవరిదో అందులో విడదీసి రాశారు. కట్టడానికి సంబంధించిన రిపేర్లు, సున్నాలు, తలుపులు కిటికీల పెయింటింగ్, అవసరమైతే పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్ వైపు. కుళాయి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం చేయించడం, వాష్‌బేసిన్, గీజర్, స్విచ్చులు, వంటింటి ఫిక్స్చర్లు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారు వైపు. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. గీజర్ దాకా వెళ్లిన ఆ షెడ్యూలులో పురుగుల నివారణ ఏ వైపూ లేదు. వెతగ్గా వెతగ్గా దొరికేది ఒక్కటే, కిటికీలకు బిగించే ఈగల జాలీ మార్చే పని. అది అద్దెదారు మీద పెట్టారు!

అయినా ఆ నమూనా చట్టంలో పనికొచ్చే కొలతలు కొన్ని ఉన్నాయి. ఓనర్ తన వంతు రిపేరు చేయించకపోతే అద్దెదారు చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు, అయితే ఏ నెలలోనూ ఆ మినహాయింపు అద్దెలో సగం దాటకూడదు. ఇల్లు నివాసానికి పనికిరాని స్థితికి చేరి, రాతపూర్వకంగా చెప్పినా ఓనర్ పట్టించుకోకపోతే, 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయొచ్చు. నివాసాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదు. ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. మీ రాష్ట్రంలో ఇవి అమల్లో లేకపోయినా, అగ్రిమెంటులో రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

చెదలు ఎప్పుడూ ఓనర్‌వే

పురుగుల్లో లెక్క సులువుగా తేలేది చెదలతో. మన ఇళ్లను ఎక్కువగా తినేవి నేల చెదలు. వాటి పుట్ట భూమిలో ఉంటుంది. తేమ, చీకటి పోకుండా మట్టితో సొరంగం కట్టుకుంటూ పైకొస్తాయి. గోడ మీద కనబడే గీత అదే. మూడో అంతస్తులో ఉన్నాం కదా అనుకోవద్దు, పైపులు వెళ్లే డక్టుల గుండా, గోడ పగుళ్ల గుండా పైకి రాగలవు. మీరు ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత అశుభ్రంగా ఉన్నా వాటికి పట్టదు. తడి తగిలిన ప్లైవుడ్, పాత చెక్క గుమ్మం ఉంటే చాలు.

కట్టేటప్పుడే పునాదిలో మందు కొట్టాలని భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 6313 పేరుతో పద్ధతి రాసిపెట్టింది. దాని మూడో భాగం ఇప్పటికే కట్టేసిన ఇళ్లకు. గోడ, ఫ్లోరింగ్ కలిసే చోట సుమారు అడుగుకొక రంధ్రం చొప్పున డ్రిల్ చేసి, మందు పోసి, మళ్లీ మూసేయాలి. ఇప్పుడు ఆలోచించండి. మేకు కొట్టొద్దని అగ్రిమెంటులో రాయించిన ఓనర్, ఇల్లంతా అడుగడుగునా డ్రిల్లింగ్ చేయించుకోమని అద్దెదారుకు చెప్పగలడా? పదకొండు నెలలు ఉండి పోయేవాడు, ఏళ్ల తరబడి ఆ ఇంటిని కాపాడే పనికి డబ్బు ఎందుకు పెట్టాలి? అందుకే చెదలంటే ఓనర్ ఖర్చే అని నేను తడుముకోకుండా చెబుతాను. అద్దెదారు పని కనబడిన రోజే ఫొటో తీసి పంపడం, మందు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు సామాను జరిపి ఇవ్వడం.

ఓనర్‌కు కూడా ఒక దారి ఉంది, చాలామందికి తట్టదు. ఫ్లాట్ కొత్తదై, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద రిజిస్టరైన ప్రాజెక్టైతే, అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు కట్టడంలోనో పనితనంలోనో బయటపడే లోపాలను బిల్డర్ తన ఖర్చుతో, చెప్పిన 30 రోజుల్లో సరిచేయాలి. చెదల మందు కొట్టించామని అమ్మకపు కాగితాల్లో బిల్డర్ రాసిచ్చి ఉంటే ఆ ముక్క పట్టుకుని అడగొచ్చు. అద్దెదారుతో పోట్లాడేకంటే అది మేలు.

నల్లులతోనే అసలు తంటా

నల్లుల విషయంలో మాత్రం నిజంగా చిక్కుంది. అవి గోడలోంచి పుట్టుకురావు, ఎగరలేవు. మనిషి వెంటే వస్తాయి: పరుపుల్లో, సెకండ్‌హ్యాండ్ సోఫాల్లో, హాస్టల్ నుంచి తెచ్చిన బ్యాగుల్లో, స్లీపర్ బస్సు ప్రయాణాల్లో. శుభ్రతకూ వాటికీ సంబంధం లేదు, వాటికి కావాల్సింది రక్తం. ఈ కారణంగానే ఓనర్లు మీరే తెచ్చారని తేలిగ్గా అనేస్తారు. కొన్నిసార్లు అది నిజం కూడా.

కానీ ఎదురు వాదనకూ బలం ఉంది. "ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది, తిండి లేకుండా నల్లులెలా బతుకుతాయి?" అని ఓనర్ అడిగితే జవాబు: బతుకుతాయి. నెలల తరబడి ఆకలితో పగుళ్లలో దాక్కోగలవు. కుట్టిన దద్దుర్లు కొందరికి వెంటనే, కొందరికి రోజులు గడిచాక లేస్తాయి, కొందరికి అసలు లేవవు. కాబట్టి దద్దుర్లు ఎప్పుడొచ్చాయన్న లెక్కతో ఏమీ తేలదు. చూడాల్సింది జాడలు. గుడ్డు పొదగడానికి వారం పది రోజులు, పిల్ల పెరిగి పెద్దదవడానికి ఆ తర్వాత నెలకు అటూఇటూ పడుతుంది. మీరు దిగిన మొదటి వారంలోనే స్విచ్‌బోర్డు వెనక, కర్టెన్ రాడ్డు కొనల్లో, తలుపు చట్రం సందుల్లో నల్లటి రెట్ట మచ్చలు గుంపుగా, వదిలేసిన పొట్టుతో సహా కనబడితే, అవి మీ సూట్‌కేసులో వచ్చినవి కావు. ఆ కాపురం పాతది. అదే మచ్చలు మీ మంచం కుట్లలో మాత్రమే ఉండి గోడల్లో ఏమీ లేకపోతే, వేలు మీ వైపే తిరుగుతుంది.

ఈ విషయంలో ఒక పాత ఇంగ్లండ్ కేసు తెలుసుకోవాల్సిందే. 1843లో తీర్పు వచ్చిన ఆ కేసులో, బ్రైటన్‌లో సర్ థామస్ మారబుల్ కుటుంబం, సామానుతో సహా ఉన్న ఇంటిని వారానికి 8 గినీల చొప్పున కొన్ని వారాలకు తీసుకుంది. దిగగానే ఇల్లంతా నల్లులు. ఓనర్ స్మిత్ వదిలించే ప్రయత్నాలు ఫలించక, వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మిగతా అద్దె కోసం స్మిత్ దావా వేశాడు, ఓడిపోయాడు. సామానుతో అద్దెకిచ్చిన ఇల్లు మనిషి ఉండటానికి పనికిరావాలన్నది రాయకపోయినా ఉన్న షరతేనని కోర్టు చెప్పింది. అయితే ఆ వెంటనే మరో కేసులో, సామాను లేకుండా ఇచ్చిన ఇంటికి అలాంటి షరతు లేదని తేల్చారు. మన 1882 చట్టం ఆ తర్వాతే వచ్చింది. అందులోనూ ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలన్న హామీ ఎక్కడా లేదు. ఇంగ్లండ్ మాత్రం 2018లో కొత్త చట్టం చేసి ఆ లోటు పూడ్చుకుంది.

ఆ తేడాలో ఉన్న తర్కం నాకు నచ్చుతుంది. మంచం ఓనర్‌దైతే నల్లి కూడా ఓనర్‌దే. ఫుల్లీ ఫర్నిష్డ్ ఫ్లాటు, పీజీ హాస్టలు, నెలవారీ అద్దెకిచ్చే సర్వీస్ అపార్ట్‌మెంటు అన్నీ ఇందులోకే వస్తాయి. అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో మంచానికింతని డబ్బు తీసుకునే పీజీ, నల్లుల మందు ఖర్చు కుర్రాళ్ల మీద వేయడం అన్యాయం. అక్కడ గదిలో మనుషులు నెలనెలా మారతారు, ఎవరు తెచ్చారో ఎప్పటికీ తేలదు. ఖాళీ ఇల్లు తీసుకుని మీ మంచాలు మీరు తెచ్చుకున్నప్పుడు మాత్రం మొదటి నెల దాటాక బయటపడితే ఖర్చు మీదే అని ఒప్పుకోవడం న్యాయం.

ఎవరు కట్టినా, ఒక్క స్ప్రేతో పోతాయని నమ్మకండి. గుడ్లకు మందు సరిగా ఎక్కదు, అందుకే రెండు వారాల తేడాతో కనీసం రెండోసారి కొట్టాలి. చాలాచోట్ల నల్లులు మామూలు పైరెథ్రాయిడ్ మందులకు అలవాటుపడిపోయాయి. వేడికి మాత్రం అలవాటు పడలేదు: 50 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే పెద్దవీ గుడ్లూ రెండూ చస్తాయి. నవారు మంచం విప్పి ఎండలో పడేసి, మంచం కాళ్ల మీద మరిగే నీళ్లు పోసిన అమ్మమ్మల పద్ధతిలో పస ఉంది. అయితే మందపాటి ఫోమ్ పరుపు లోపలికి ఎండ వేడి చేరదు. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి, పరుపుకు జిప్పున్న తొడుగు వేయాలి.

బొద్దింకలు, ఎలుకలు, మిగతావి

బొద్దింకలు రెండు రకాలు, వాటి బిల్లులూ రెండు రకాలు. రాత్రి బాత్‌రూమ్ లైటు వేయగానే పరుగెత్తే పెద్ద ఎర్రటి బొద్దింక డ్రైనేజీలోంచి వస్తుంది. విరిగిన ట్రాప్ (పైపులో నీళ్లు నిలిపే వంపు), మూత లేని చాంబర్, జాలీ లేని ఫ్లోర్ డ్రెయిన్ దానికి దారులు. వాటిని సరిచేయడం ఓనర్ పనో అసోసియేషన్ పనో అవుతుంది. వంటింటి కప్‌బోర్డు మడతల్లో, మిక్సీ కింద, ఫ్రిజ్ మోటారు దగ్గర గుంపులుగా ఉండే చిన్న గోధుమరంగుదాన్ని జర్మన్ బొద్దింక అంటారు. (దాని పుట్టుక జర్మనీలో కాదు, మన బంగాళాఖాతం చుట్టుపక్కలేనని 2024లో జన్యు పరిశోధకులు తేల్చారు.) అట్టపెట్టెల్లో, పాత సామానులో వస్తుంది. ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 పిల్లలు. దిగేనాటికి లేకుండా తర్వాత పెరిగితే అది అద్దెదారు ఖర్చే. జెల్ పెట్టించండి. స్ప్రే కొడితే చెల్లాచెదురై గోడ అవతలి వంటింట్లోకి పోతాయి, మళ్లీ తిరిగొస్తాయి.

అపార్ట్‌మెంటుల్లో అసలు సమస్య అదే. ఒక్క ఫ్లాట్‌లో మందు కొట్టడం పడవలో ఒక మూల నీళ్లు తోడటం లాంటిది. డక్టు ఒకటే, పైపు ఒకటే, చెత్త గది ఒకటే. పైనా కిందా ఉన్న నాలుగైదు ఫ్లాట్లకు ఒకేసారి చేయించాలి. అందుకు అసోసియేషన్ కదలాలి, ఆ మీటింగులో మాట్లాడే హక్కు సాధారణంగా ఓనర్‌కే ఉంటుంది. మెయింటెనెన్స్ నెలనెలా కట్టేది అద్దెదారైనా సరే. అందుకని అసోసియేషన్‌కు ఫిర్యాదు ఓనర్ పేరుతోనే వెళ్లేలా చూసుకోండి.

ఎలుక విషయం చిన్నది: అర అంగుళం సందు చాలు దానికి. ఏసీ పైపు కోసం చేసి వదిలేసిన రంధ్రం, ఎగ్జాస్ట్ ఫ్యాను గూడు, గ్రౌండ్ ఫ్లోర్‌లో పందికొక్కు తవ్విన బొరియ మూయించడం ఓనర్ పని. వంటింటి చెత్త రాత్రంతా గుమ్మం బయట పెట్టకపోవడం ఉండేవాళ్ల పని. సందు మూయకుండా ఎవరు ఎన్ని బోన్లు పెట్టినా ఖర్చు దండగ.

దోమలు మున్సిపాలిటీ బాధ్యత అనుకుంటాం, ఫాగింగ్ వరకు నిజమే. డెంగీ దోమ మాత్రం మన సంపులో, కూలర్‌లో, డాబా మీది డ్రమ్ములో వారం పది రోజుల్లో తయారవుతుంది. సంపు మూత ఓనర్‌ది, కూలర్ మీది.

అమెరికాలో దిగిన మనవాళ్లకు

టెక్సాస్‌కో న్యూజెర్సీకో చదువుకు వెళ్లే మన పిల్లలకు అక్కడి లెక్క వేరే. చాలా రాష్ట్రాల్లో ఇల్లు నివాసయోగ్యంగా ఉంచడం ఓనర్ బాధ్యతని కోర్టులు, చట్టాలు రాయకుండానే ఉన్న హామీగా చూస్తాయి. 1970లో వాషింగ్టన్ డీసీలో వచ్చిన జావిన్స్ కేసు తీర్పు దీనికి పెద్ద మలుపు. న్యూయార్క్ నగరంలో గడిచిన ఏడాదిలో నల్లులు పడ్డాయో లేదో ఓనర్ కొత్తగా దిగేవాళ్లకు కాగితం మీద చెప్పాలి. మూడు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనాల్లో బొద్దింకలు, ఎలుకలు లేకుండా చూడటం కూడా 2018 నాటి స్థానిక చట్టంతో ఓనర్ల మీదే ఉంది. కాలిఫోర్నియాలో నల్లులున్నాయని తెలిసిన ఖాళీ ఇంటిని అద్దెకు చూపించడమే నిషిద్ధం. టెక్సాస్‌లో మాత్రం అద్దె బకాయి లేకుండా ఉండి, నోటీసు సరిగా ఇస్తేనే మీ మాట నిలబడుతుంది. అద్దె ఆపేస్తే మొదటికే మోసం.

అక్కడ సంతకం పెట్టించుకునే కట్టల్లో నల్లుల గురించి విడిగా ఒక కాగితం తరచుగా ఉంటుంది. దిగేనాటికి నల్లులు లేవని మీరు ఒప్పుకుంటున్నట్టు, తర్వాత వస్తే ఖర్చు మీదేనన్నట్టు అందులో రాసి ఉండొచ్చు. చదవకుండా సంతకం పెట్టకండి. రోడ్డు పక్కన ఫ్రీగా దొరికిందని పరుపు మోసుకొచ్చే అలవాటు మనవాళ్లలో ఉంది. అది వద్దు.

కాగితం మీద పెట్టాల్సింది

మన దగ్గర మూడు వేల రూపాయల బిల్లు కోసం ఎవరూ కోర్టుకెక్కరు. కాబట్టి రుజువులు కోర్టు కోసం కాదు, అడ్వాన్స్ తిరిగిచ్చే రోజున జరిగే బేరం కోసం. దిగే ముందు ఒకసారి చీకటి పడ్డాక ఇల్లు చూడండి. వంటింటి లైటు ఆపి గంటాగి వేస్తే ఉన్నవన్నీ కనబడతాయి. సింకు కింద, వార్డ్‌రోబ్ వెనక, గుమ్మాల అడుగున, అటక మీద టార్చి వేసి వీడియో తీసి, అదే రోజు ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. ఓనర్‌కు కూడా ఇదే సలహా: తాళాలు ఇచ్చే ముందు ఒకసారి మందు కొట్టించి, బిల్లు దాచుకుంటే "మేం దిగేనాటికే ఉన్నాయి" అనే మాటకు జవాబుంటుంది.

అగ్రిమెంటులో చేర్చడానికి నాలుగు వాక్యాలు చాలు: "చెదల నివారణ, ఎలుకల దారులు మూయించడం, డ్రైనేజీ లోపాల వల్ల వచ్చే పురుగుల నివారణ ఓనర్ ఖర్చు. దిగిన 30 రోజుల్లోపు కనబడిన నల్లులు, బొద్దింకల నివారణ ఓనర్ ఖర్చు, ఆ తర్వాత అద్దెదారు ఖర్చు. పురుగు కనబడిన ఏడు రోజుల్లో అద్దెదారు రాతపూర్వకంగా తెలపాలి, ఓనర్ 15 రోజుల్లో పని చేయించాలి, లేకపోతే అద్దెదారు చేయించుకుని బిల్లు చూపి అద్దెలో సర్దుకోవచ్చు. వాడకంలో వచ్చిన అరుగుదలకు గానీ, చెదల నష్టానికి గానీ అడ్వాన్స్‌లో కోత ఉండదు." చాలామంది ఓనర్లు ఇది విని మొహం చిట్లించరు, ఎందుకంటే వాళ్లకూ తర్వాతి నెలల మీద భరోసా దొరుకుతుంది. చిట్లించేవాళ్లుంటే, దిగకముందే తెలిసింది కదా.

గొడవ మొదలయ్యాక ఫోన్లో గంటసేపు మాట్లాడే బదులు ఒక మెసేజ్ పెట్టండి. "అంకుల్, నమస్తే. నిన్న హాలు గుమ్మం కింద చెదల గీత కనిపించింది, ఫొటోలు పంపిస్తున్నాను. మీకు వీలైన రోజు మనిషిని పంపితే మేం ఇంట్లోనే ఉంటాం. మమ్మల్నే చేయించమంటే కొటేషన్ తెచ్చి పెడతాను, మీరు సరే అన్నాక చేయిస్తాం." మర్యాదగా ఉంది, తేదీ ఉంది, ఒప్పుకోలు అడిగింది. "సరే బాబూ, చేయించు" అన్న ఒక్క జవాబు వస్తే అద్దెలో సర్దుకోవడానికి అది చాలు. వాట్సాప్ సంభాషణను కూడా కోర్టులు సర్టిఫికెట్ జతచేస్తే సాక్ష్యంగా చూస్తాయి, అంత దూరం వెళ్లాల్సి వస్తే.

బిల్లు ఎవరు కట్టినా, మందు పీల్చేది ఇంట్లో ఉండేవాళ్లే. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఎలుకల కోసం ఇంట్లో పెట్టించిన మందు వల్ల ఇద్దరు పిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. ఎలుకలకు, ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే ప్రాణాంతక వాయువు వదులుతాయి. వాటిని మామూలు జనానికి అమ్మడానికే అనుమతి లేదు. అది గోడ సందుల్లోంచి పక్క గదిలోకి, పక్క ఇంట్లోకి కూడా పోగలదు. ఇళ్లలో మందు కొట్టే వ్యాపారానికి 1968 నాటి పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఓనర్ తనకు తెలిసిన కుర్రాణ్ని తక్కువకు పంపుతున్నానంటే, లైసెన్సు నంబరు, కొట్టే మందు పేరు, ఎన్ని గంటలు బయట ఉండాలో బిల్లు మీద రాసివ్వమని అడగండి. ఇంట్లో చంటిపిల్లలో, గర్భిణో, ఆస్తమా ఉన్నవాళ్లో ఉంటే ముందే చెప్పండి. పక్క ఫ్లాట్ వాళ్లకూ ఆ రోజు చెప్పి ఉంచండి. రాసివ్వనంటే ఆ మనిషిని లోపలికి రానివ్వకండి, ఓనర్ పంపినా సరే.